ఉద్యోగం చేస్తూ మాలర్ అన్ని సింఫనీలు ఎప్పుడు రాశాడు?

హన్మకొండలో టీచర్‌ని, ట్యూన్లు కట్టడానికి టైమే దొరకట్లేదు, మరి ఆస్ట్రియా సంగీతకర్త గుస్తావ్ మాలర్‌కి ఎలా కుదిరిందని అడిగారు కదా. ఆయనకీ మీలాగే ఎండాకాలం సెలవులే దిక్కు. 1897 నుంచి 1907 దాకా వియన్నా ఆస్థాన ఒపెరా (పాటలతో సాగే నాటకాలు ఆడే సంస్థ) భారమంతా ఆయన నెత్తినే, ఇక ప్రదర్శనల సీజన్ నడుస్తుంటే రాయడానికి తీరికెక్కడిది? సెలవులు రాగానే ఏదో ఒక సరస్సు ఒడ్డుకు చేరి, పియానో పెట్టుకున్న చిన్న గదిలో తలుపేసుకుని కూర్చునేవాడు. వియన్నాకు రాకముందే, ఆస్ట్రియాలోని స్టయిన్‌బాఖ్ ఊళ్లో అలాంటి గదిలోనే మూడో సింఫనీ (పెద్ద వాద్యబృందం కోసం రాసే సుదీర్ఘ రచన) రాశాడు, అది గంటన్నర సాగుతుంది (ఒక్కసారే వినాలంటే ఓపిక కావాలి!). వేసవిలో చిత్తుప్రతి, చలికాలంలో శుభ్రప్రతి. బతికున్నప్పుడు కండక్టర్‌గానే, అంటే వాద్యబృందాన్ని నడిపించేవాడిగానే ఎక్కువ పేరు. 1911లో, 50 ఏళ్లకే పోయాడు. తొమ్మిదో సింఫనీ ఆయన వినలేదు, 1912లో బ్రూనో వాల్టర్ అనే కండక్టర్ వాయింపించాడు.