పెద్ద క్రాస్ స్టిచ్‌లో లెక్క తప్పితే మొత్తం విప్పాలా?

గళ్ళ బట్ట మీద X ఆకారపు కుట్లతో బొమ్మ కుట్టే క్రాస్ స్టిచ్‌లో, 280 కుట్ల వెడల్పు, 350 కుట్ల ఎత్తు ఉన్న రాధాకృష్ణుల డిజైన్ రెండు నెలలు కుట్టాక ఒక గడి పక్కకు జరిగిందని, మొత్తం విప్పేయాలా అని అడిగారు. వద్దండీ, విప్పకండి.

తప్పు ఏ భాగంలో పడిందో ముందు చూడండి. వెనక ఆకాశమో చెట్లో అయితే పక్క రంగులో ఒక కుట్టు తగ్గించి అక్కడే సర్దేయండి. పూర్తయ్యాక మీకే కనిపించదు. కళ్ళు, పెదవుల దగ్గరైతే మాత్రం ఆ భాగం వరకు విప్పాల్సిందే. విప్పిన దారం మళ్ళీ వాడకండి, నూగు లేచి ఉంటుంది.

ఇకపై కుట్టే ముందు, మిగిలిన బట్ట మీద పది గళ్ళకొకటి చొప్పున అడ్డం, నిలువు గీతలు వేసుకోండి. ఏ గడిలో ఏ రంగో చూపే చార్టులోనూ పది గళ్ళకొక ముదురు గీత ఉంటుంది కాబట్టి తప్పు ఆ పది గళ్ళలోనే దొరికిపోతుంది. ఆ గీతల కోసం నేను సన్నని చేపల గాలం దారాన్ని బట్టలో కుడతాను. సూది దానిలో గుచ్చుకోదు, చివర్లో లాగితే వచ్చేస్తుంది. నీళ్ళతో పోయే పెన్నుతో గీస్తే ఉతికేదాకా ఇస్త్రీ పెట్టొద్దు, వేడికి గీతలు ఉండిపోవచ్చు.

ఇంకోటి, 14 కౌంట్ ఐడా (అంగుళానికి 14 గళ్ళుండే క్రాస్ స్టిచ్ బట్ట) మీద ఇది 20 × 25 అంగుళాలు వస్తుంది. ఫ్రేమ్ కట్టించడానికి చుట్టూ 3 అంగుళాల బట్ట మిగులుతుందో లేదో ఇప్పుడే కొలవండి.

మొత్తం 98,000 కుట్లు. రోజుకు 200 వేసినా 490 రోజులు పడుతుంది, అందుకే ఆలస్యమవుతోందని టెన్షన్ పడకండి. ముఖం పూర్తయ్యాక ఫొటో పెట్టండి, చూడాలని ఉంది.