మీ అమ్మ వీలునామా ఎవరిచేత రాయిద్దామంటే

బ్రాడీపేట, గుంటూరు

ఒరే అబ్బాయ్,

నిన్న నువ్వు ఫోన్లో అన్న మాట రాత్రంతా బుర్రలో తిరుగుతూనే ఉంది. "మావయ్యా, ఆన్‌లైన్లో ఒక కంపెనీ ఉంది, వివరాలు నింపితే గంటలో వీలునామా పంపిస్తారట, డబ్బు కట్టేయనా?" అన్నావు. వద్దని అప్పుడే అన్నాను గానీ ఎందుకో ఫోన్లో చెప్పేంత చిన్న సంగతి కాదు. అందుకే కూర్చుని రాస్తున్నా.

ముందు అసలు మాట. ఆ డబ్బు నువ్వు కట్టకూడదు. రాసేవాళ్లను నువ్వు కుదర్చకూడదు. రాసే గదిలో నువ్వు ఉండనే కూడదు. నీ మీద అనుమానంతో కాదురా, అక్కయ్య ఆస్తిలో నీకు వాటా వస్తుంది కాబట్టి. లాభం పొందేవాడే దగ్గరుండి రాయించాడంటే రేపు కోర్టులో మొదటి ప్రశ్న అదే అవుతుంది. అనుమానించాల్సిన పరిస్థితులు ఏమున్నా, ఆ అనుమానం తీర్చాల్సిన బాధ్యత వీలునామాను పట్టుకొచ్చినవాడిదేనని 1959లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పటికీ కోర్టులు ఆ తీర్పే చూస్తాయి. మీ చెల్లెలు పటమట నుంచి వచ్చి నిన్ను కోర్టుకీడుస్తుందని నేననను. కానీ 'అన్నయ్య రాయించుకున్నాడు' అన్న ముల్లు ఆ పిల్ల మనసులో గుచ్చుకుంటే దాన్ని ఏ జడ్జీ తియ్యలేడు. ఈ పని నాకు వదిలెయ్. అందులో నాకు పైసా రాదు.

మీ తాతయ్య వీలునామా సంగతి నీకు పూర్తిగా తెలీదు. అప్పటికి నువ్వు చిన్నవాడివి. నాన్నగారు సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా ఒక దస్తావేజు లేఖరి దగ్గర రాయించారు. నేను పక్కనే స్టూలు మీద కూర్చున్నాను. అతను అంతకుముందు ఇంకెవరికో కొట్టిన వీలునామా కంప్యూటర్లో తెరిచి, పేర్లు మార్చుకుంటూ పోయాడు. ఇరవై నిమిషాల్లో కాగితం బయటికొచ్చింది. చదివితే రెండో పేజీలో 'నాకు ఆడ సంతానం లేదు' అని ఉంది! మీ అమ్మ ఉండగా! పాత మనిషిది అలాగే మిగిలిపోయింది. అతను నాలుక కరుచుకుని, దానిమీద వైట్‌నర్ పూసి, నోటితో ఊది, ఆరాక పెన్నుతో 'ఒక కుమార్తె కలదు' అని రాశాడు. ఆ దిద్దుబాటు పక్కన నాన్నగారు గానీ సాక్షులు గానీ సంతకం పెట్టలేదు. పెట్టాలని మాకు తెలీదు, అతను చెప్పలేదు. సాక్షులంటావా, బయట చెట్టు కింద కూర్చున్న ఇద్దర్ని చెయ్యూపి పిలిచాడు. చెరో సంతకం పెట్టి, ఇచ్చింది పుచ్చుకుని వెళ్లిపోయారు.

నాన్నగారు పోయాక మీ చిన్నమావయ్య ఆ వైట్‌నర్ మచ్చ పట్టుకున్నాడు. వీలునామా రుజువు కావాలంటే సాక్షుల్లో కనీసం ఒక్కరైనా కోర్టుకొచ్చి, ఆయన సంతకం పెట్టారని చెప్పాలి. ఇద్దర్లో ఒకాయన పోయాడు. రెండో ఆయన ఏ ఊరివాడో ఎవరికీ తెలీదు. కనీసం అతని చేతిరాత గుర్తుపట్టేవాళ్లనైనా తెమ్మన్నారు. ఎక్కణ్ణుంచి తేను? చివరికి రాజీపడ్డాం. అప్పటికే నేనూ వాడూ ఆరేళ్లు ఒకరి గుమ్మం ఒకరు తొక్కలేదు. వాడి కూతురి పెళ్లికి నేను వెళ్లలేదు. ఆ పెళ్లి మళ్లీ రాదు కదరా.

ఆ లేఖరి చెడ్డవాడేం కాదు. అమ్మకం దస్తావేజైతే కళ్లు మూసుకుని తప్పు లేకుండా రాసేవాడు. దానికి గజాలు, హద్దులు, సొమ్ము తెలిస్తే సరిపోతుంది. వీలునామా రాయాలంటే ఇంట్లో ఎవరెవరున్నారో, ఎవరి మనసులో ఏముందో తెలియాలి. అది అడిగే ఓపిక అతనికి లేదు. నువ్వు చెప్పిన ఆన్‌లైన్ ఫారానికి అసలు నోరే లేదు.

అక్కయ్య సంగతే చూడు. కొరిటెపాడు ఇల్లు మీ నాన్నగారి పేరునే ఉంది. బావగారు వీలునామా రాయకుండానే పోయారు. అది ఆయన స్వార్జితం. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకూ పిల్లలకూ, తల్లి బతికుంటే ఆవిడకూ సమానం. మీ నాయనమ్మ అప్పటికే లేదు కాబట్టి అక్కయ్యకు, నీకు, చెల్లెలికి తలా మూడో వంతు. అక్కయ్య వీలునామా రాయగలిగింది ఆ మూడో వంతుకే. ఫారంలో 'ఇంటి చిరునామా', 'ఎవరికి' అన్న రెండు గళ్లు నింపితే మొత్తం ఇల్లు రాసేస్తుంది. చూడ్డానికి కాగితం చక్కగానే ఉంటుంది. తగాదా ఆవిడ పోయాక మొదలవుతుంది. 'ఇల్లు ఎవరి పేరున ఉంది, ఆయన ఎప్పుడు పోయారు, లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారిన దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపించే పత్రం) తెచ్చారా' అని ముందు అడిగి, ఆ తరవాతే కీబోర్డు మీద చెయ్యి పెట్టేవాళ్లు కావాలి మనకు.

పెదనందిపాడు పొలం మటుకు అక్కయ్యదే. పసుపు కుంకుమల కింద నాన్నగారు రాసిచ్చింది. దాన్ని ఆవిడ ఇష్టమొచ్చినట్టు రాసుకోవచ్చు. కానీ రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబరు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు వచ్చింది. మన పొలానిది కనుక్కుని, వస్తే రెండు నంబర్లూ రాయాలి. ఈమాట వాళ్లంతట వాళ్లే అడిగారా, వాళ్లకు ఈ జిల్లా తెలుసన్నమాట. నాతో బ్యాంకులో పనిచేసినాయన ఒకరు తుళ్లూరు వైపు పొలం సర్వే నంబరుతో సహా పెద్దబ్బాయికి రాశారు. 2015లో ఆ పొలం రాజధాని పూలింగులోకి పోయింది. దాని బదులు ప్లాట్లు వచ్చాయి. వీలునామా మార్చలేదు. ఆ ప్లాట్లు పొలం కిందికే వస్తాయా రావా అని అన్నదమ్ములు ఇప్పటికీ తిరుగుతున్నారు. వీలునామా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చివరిది చెల్లుతుంది. మళ్లీ మార్చాలంటే ఎంత తీసుకుంటారో ముందే అడిగి పెట్టుకోవాలి.

నేను కిందటేడు నా వీలునామాకు ముగ్గురి దగ్గరికి వెళ్లాను. ఒకాయన "ఆధార్ ఇచ్చి వెళ్లండి, రేపు సాయంత్రానికి రెడీ" అన్నాడు. ఇంకొకాయన ఆస్తి విలువలో ఇంత శాతం అన్నాడు. నా ఇల్లు ఖరీదు పెరిగితే అతను రాసే అక్షరాలు పెరుగుతాయా? లేచి వచ్చేశాను. మూడో ఆవిడ అరండల్‌పేటలో ప్రాక్టీసు చేసే లాయరు. మీ అత్తయ్యను కాసేపు బయట కూర్చోమన్నారు. తలుపు దగ్గరగా వేసి, "మీ అబ్బాయిల్లో ఎవరైనా మీకంటే ముందే పోతే ఆ వాటా ఎవరికండీ?" అని అడిగారు. నాకు కాసేపు మాట రాలేదు. ఆవిడ తొందరపెట్టలేదు. మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపి ఊరుకున్నారు. అప్పుడే నిశ్చయించుకున్నా, రాస్తే ఈవిడే రాయాలని. తరవాత 'మీ భార్యకు ఇంట్లో ఉండే హక్కు మాత్రమేనా, అమ్ముకునే హక్కు కూడానా' అని అడిగారు. 'జీవితకాలం అనుభవించి' అన్న ముక్క ఆలోచించకుండా రాస్తే ఎన్ని కేసులవుతాయో కూడా చెప్పారు. ఫీజు ఇంతని మొదటిరోజే కాగితం మీద రాసిచ్చారు.

అక్కయ్యను ఆవిడ దగ్గరికే తీసుకెళదామనుకుంటున్నా. అక్కయ్యకు నచ్చకపోతే వేరేవాళ్లను చూస్తాం. వీలునామా తెలుగులోనే ఉండాలి. ఆవిడ రోజూ పేపరు చదివే మనిషి, తన వీలునామా తను చదువుకోవద్దా? నీ ఆన్‌లైన్ వాళ్లది ఇంగ్లీషులో వస్తుందన్నావు. అదొక్కటి చాలు వద్దనడానికి. పైగా మొబైల్లో డిజిటల్ సంతకం పెడితే అయిపోతుందని ఎవరైనా అంటే నమ్మకు. 2000 నాటి ఐటీ చట్టం వీలునామాను మినహాయించింది. కాగితం మీద చేత్తో పెట్టిన సంతకమే కావాలి. ఒక ఫ్లాటు, రెండు డిపాజిట్లు, ఒక్క సంతానం ఉన్నవాళ్లకు అలాంటి సర్వీసు పనికొస్తే రావచ్చు. అప్పుడు కూడా వెనకాల చూసే లాయరు పేరు, ఎన్‌రోల్‌మెంట్ నంబరు అడిగి తీసుకోవాలి.

ఇంకో జాగ్రత్త. కొందరు "వీలునామా ఎందుకండీ, పిల్లలకు సెటిల్‌మెంట్ చేసేయండి, తలనొప్పి వదిలిపోతుంది" అంటారు. సెటిల్‌మెంట్ రాస్తే ఆ రోజే హక్కు చేతులు మారిపోతుంది. చూసుకుంటామన్న షరతు రాయించుకుంటే 2007 వృద్ధుల చట్టం కింద రద్దు అడగొచ్చు గానీ, డెబ్బై ఆరేళ్ల మనిషిని ఆ తిరుగుడు తిప్పుతామా? మనం అడక్కుండా ఆ మాట ఎత్తినవాళ్ల దగ్గర్నుంచి లేచి వచ్చేయడమే.

సాక్షులుగా అక్కయ్యకు మందులిచ్చే డాక్టరుగారిని, పక్కింటి టీచరుగారిని అడుగుతాను. ఇద్దరూ ఆవిడకంటే బాగా చిన్నవాళ్లు, ఊళ్లోనే ఉంటారు, ఆస్తితో సంబంధం లేదు. డాక్టరు సర్టిఫికెట్ చట్టం అడగదు, అయినా అదే రోజు తారీఖుతో ఒకటి తీసుకుంటే మంచిది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్టాంపు డ్యూటీ లేదు. అయినా చేయిద్దాం. మెట్లెక్కలేకపోతే కారణం చూపిస్తే సబ్ రిజిస్ట్రారు ఇంటికే వస్తారు. ఆవిడ బతికుండగా దాని నకలు ఆవిడకో, ఆవిడ అధికారమిచ్చిన మనిషికో తప్ప ఇంకెవరికీ ఇవ్వరు.

బ్యాంకు డిపాజిట్లకు నామినీవి నువ్వే అని మురిసిపోకు. నామినీ డబ్బు చేతికి తీసుకోవడానికే, సొంతం చేసుకోవడానికి కాదు. బీమా పాలసీల విషయంలో సుప్రీంకోర్టు 1983లోనే తేల్చింది, బ్యాంకు డిపాజిట్లకూ అంతేనని 2010లో చెప్పింది. ముప్ఫై ఏళ్లు ఆ కౌంటర్ల వెనక కూర్చున్నవాణ్ణి, ఎంతమంది తోబుట్టువులు నా ఎదురుగానే అరుచుకున్నారో నాకు తెలుసు. 2025 నవంబరు నుంచి నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. వీలునామాలో రాసిందానికి సరిపోయేటట్టు అవి కూడా మార్పిస్తాను.

ఆదివారం పొద్దున కొరిటెపాడు వెళతాను. నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే, అక్కయ్యకు ఫోన్ చేసి బీరువాలో ఉన్న ఇంటి దస్తావేజు, పొలం పాస్‌బుక్కు, బావగారి మరణ ధ్రువీకరణ పత్రం తీసి పెట్టమను. ఎవరికి ఏం రాయాలనుకుంటున్నావని మాత్రం అడక్కు. చెల్లెలికి కూడా ఈ ఉత్తరం చూపించు.

ఇట్లు,
మీ పెద్దమావయ్య