స్పితి వెళ్తున్న బుజ్జికి

రాజమండ్రి

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "అక్కా, అది ఒక్కతీ స్పితి పోతుందట, ఊళ్లో వాళ్ల ఇళ్లల్లోనే ఉంటుందట" అని ఏడ్చింది. దానికి ధైర్యం చెప్పి ఫోన్ పెట్టేశాక నాకూ నిద్ర పట్టలేదు. భయం సగం, సంబరం సగం. 2009లో నేను తిరిగిన ఆ హిమాచల్ కొండల లోయకి నా చేతుల్లో పెరిగిన పిల్ల వెళ్తోంది. చిచమ్ వంతెన, హిక్కిమ్ పోస్టాఫీసు, అన్నీ చూసి రా. హిక్కిమ్ నుంచి నాకో కార్డు వెయ్యి.

కానీ నువ్వు వేసుకున్న దారి మార్చు. మనాలిలో తెల్లారకుండా బయల్దేరి, కుంజుం కనుమ దాటి, రాత్రికి కాజా, మర్నాడే లాంగ్జానా? మనాలి రెండు వేల మీటర్ల ఎత్తు. లాంగ్జా 4,400 దగ్గర. ఒంటికి ఊపిరి తీసుకునే వ్యవధి ఎక్కడిచ్చావమ్మా? మూడు వేలు దాటాక రోజుకి ఐదొందల మీటర్లకు మించి పైకి పోయి పడుకోకూడదంటారు డాక్టర్లు. సిమ్లా మీదుగా కిన్నౌర్ దారిన వెళ్లు. కల్పాలో రెండు రాత్రులు, టాబోలో రెండు, కాజాలో రెండు ఉండు. టాబోలోని బౌద్ధ మఠం 996లో కట్టింది. ఆ మట్టిగోడల చీకట్లో బొమ్మలు చూస్తూ కూర్చుంటే ఒంటికి విశ్రాంతి దొరుకుతుంది, ఆ పూట జన్మంతా గుర్తుంటుంది. ఎత్తు పడక వచ్చే జబ్బుకి వేసుకునే డయామాక్స్ మాత్ర సంగతి వెళ్లేముందే డాక్టర్ని అడుగు. సల్ఫా మందులు పడవేమో కూడా చెప్పు.

నీ విషయంలో నా అసలు భయం ఇంకోటుంది. పదో తరగతి లెక్కల పరీక్షకి 102 జ్వరంతో వెళ్లొచ్చి, సాయంత్రం గుమ్మంలో పడిపోయేదాకా నోరు విప్పలేదు నువ్వు. ఆ రాత్రి నీ నుదుటి మీద తడిగుడ్డ మార్చింది నేను. అక్కడ అలా చేశావంటే ఊరుకోను. తలనొప్పి వచ్చినా, వాంతి వచ్చినా ఇంటావిడకి వెంటనే చెప్పు. నడుస్తుంటే తూలినా, ఊరికే కూర్చున్నా ఆయాసం వచ్చినా అర్ధరాత్రయినా లేపు. కిందికి దిగడమే దానికి అసలు మందు. తెల్లారనీ అనుకోకు.

మిగతావి నీకు తెలిసినవే. చేతిలో డబ్బు నోట్లుగా ఉంచుకో. టార్చి పెట్టుకో. ఎదురైనవాళ్లకి "జుల్లే" అను, అక్కడ నమస్కారం అదే. ఉప్పు వేసిన వెన్నటీ పోస్తారు. కప్పు ఖాళీ అయితే మళ్లీ నింపుతారు కాబట్టి, చాలనుకుంటే నిండుగానే వదిలెయ్యి. ఆవకాయ తీసుకెళ్లు, కానీ వాళ్లు వండిన తుక్పా, అదే నూడుల్స్ వేసిన చారు, ఒక్క గిన్నె తిన్నాకే సీసా మూత తియ్యి.

ఇప్పుడు ఇన్నేళ్లుగా మీ అమ్మకి కూడా చెప్పని సంగతొకటి చెప్తాను.

లాంగ్జాలో నేనున్న ఇంట్లో మరుగుదొడ్డి మేడమీద ఉండేది. నేలలో ఒక కంత, పక్కన మట్టి, బూడిద, ఎండు పేడ కలిపిన కుప్ప, ఒక పార. అంతే. నీళ్లు లేకపోతే నాకెలా? పొద్దున్నే అడిగి బకెట్టెడు వేణ్ణీళ్లు తీసుకెళ్లేదాన్ని. సగం స్నానానికి, సగం ఆ కంతలోకి. మూడు రోజులు అలాగే చేశాను. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఇంటావిడ నవ్వుతూనే పిడకలు రాజేసి నీళ్లు కాచి ఇచ్చేది.

నాలుగో రోజు పొద్దున మేడ మెట్ల మీద ఆవిడ తట్టతో ఎదురైంది. తట్టనిండా బూడిద. వెనకాలే ఆవిడ కూతురు, ఎనిమిదేళ్లుంటాయి, "ఆంటీ, పానీ మత్ డాలో" అంది, నీళ్లు పొయ్యకండని. తల్లి గబుక్కున దాని నోరు మూసింది. అప్పుడు బతిమాలి అడిగితే చెప్పింది. కింది గదిలో పడ్డదంతా ఏడాదికి ఎరువవుతుంది. ఏడాదికి ఒక్క పంట, బార్లీ, బఠాణీ, ఆ ఎరువు మీదే. తడిస్తే కుళ్లిపోతుంది, పొలానికి పనికిరాదు. నా తడి పీల్చడానికి మూడు రోజులుగా ఆవిడ పొయ్యిలో బూడిదంతా మోసి పోస్తోంది. ఆ నీళ్లు కూడా ఊరి కింది ఊట నుంచి తన వీపు మీద తెచ్చినవే.

గోదావరి ఒడ్డున పుట్టినదాన్ని బుజ్జీ, నీళ్లకి లెక్కుంటుందని నాకు తోచలేదు. మర్నాడు ఆవిడతో ఊటకి వెళ్లాను. క్యాన్ ఎత్తుకుని పట్టుమని పది అడుగులు వేశానో లేదో, గుండె దడదడలాడింది. ఆవిడ మాట్లాడకుండా నా చేతిలోంచి తీసుకుని, తన క్యాన్ మీద దాన్నీ పెట్టుకుని నడిచింది. నేను వెనకాల ఏడుస్తూ వచ్చాను.

అందుకని టిష్యూ కాగితాలు, వాడినవి తిరిగి తెచ్చుకోడానికి మూతి గట్టిగా పడే సంచీ పెట్టుకో. స్నానం కాజాకి దిగాకే. లోపలికి వెళ్లొచ్చిన ప్రతిసారీ రెండు పారలు మట్టి వెయ్యి.

ఆవిడకి ఉన్నిశాలువా ఒకటి కొన్నాను, కొరియర్లో నీకు పంపుతున్నాను. ఇల్లు బుద్ధుడి విగ్రహం నుంచి దిగే దారిలో ఉంటుంది. పేరు రాయను, ఊళ్లో రాజమండ్రి టీచరమ్మ ఉన్న ఇల్లేదని అడిగి చూడు. ఆ పిల్లకిప్పుడు పెళ్లయిపోయి ఉంటుంది.

కాజా దాటే ముందు ఫోన్ చెయ్యి. తలనొప్పి ఉందో లేదో ముందు చెప్పు, మిగతా కబుర్లు తర్వాత.

నీ పెద్దమ్మ