గవర్నమెంటు స్కూలు టీచరు బ్లాగు, ఫేస్‌బుక్ పెట్టుకోవచ్చా? పెట్టి దెబ్బ తిన్నవాడి జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. 2025 మెగా డీఎస్సీలో ఫిజికల్ సైన్స్ స్కూల్ అసిస్టెంటుగా ఎంపికై ఉదయగిరి వైపు జిల్లా పరిషత్ హైస్కూల్లో చేరారు. బ్లాగో, యూట్యూబ్ ఛానలో పెట్టాలని మీకుంది. మీ ఇంటాయనేమో "ఉద్యోగం ఇప్పుడే గదా వచ్చింది, ఎందుకొచ్చిన గొడవ" అంటున్నారు. హెడ్మాస్టరు గారు మాత్రం రోజూ తరగతి ఫొటోలు మండలం గ్రూపులో పడాల్సిందే అంటున్నారు. వీళ్లలో ఎవరి మాట వినాలి అని మీరడిగారు.

బ్లాగు పెట్టండి మేడం. ఛానల్ ఒక ఏడాది ఆగొచ్చు. హెడ్మాస్టరు గారి ఫొటోల సంగతి చివర్లో చెప్తా, దానికి నా దగ్గర ఒక ఉపాయం ఉంది.

నాదీ ఫిజికల్ సైన్సే. 2006 డీఎస్సీ వాణ్ణి. కనిగిరి వైపు పన్నెండేళ్లు చేసి కందుకూరు దగ్గరికి వచ్చా. 2022 ఏప్రిల్లో కందుకూరును నెల్లూరు జిల్లాలో కలిపారు కదా, ఆ రోజు కుర్చీలోంచి లేవకుండానే నాకు జిల్లా మారిపోయింది. బదిలీల కోసం ఒంగోలు చుట్టూ తిరిగిన రోజుల్లో ఇంత సులువుగా ఏదీ జరగలేదు.

బ్లాగు మొదలుపెట్టింది 2009లో. అప్పుడు మా పరీక్ష పేపర్లన్నీ డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించేవాళ్లం. ఆ ఫైలు తెచ్చి బ్లాగులో పెడితే తెలుగంతా పోయి ఇంగ్లీషు అక్షరాల కలగూరగంప వచ్చేది. ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగులాగే కనపడేట్టు చేసే యూనికోడ్ అనే మాట అప్పుడే మొదటిసారి విన్నా. లేఖినిలో ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు చేసుకుంటూ, నెట్ సెంటర్లో గంటకింత అని ఇచ్చుకుంటూ, ఒక పేజీకి రెండు గంటలు పట్టేది. మీకా బాధ లేదు, ఫోన్లో నోటితో చెప్తే పడిపోతోంది.

మొదటి ఏడాది నేను పెట్టింది చెత్తే. పుస్తకంలోని నిర్వచనాలు, బిట్లు, ఎవరో పంపిన జీవోలు. డీఏ పట్టిక పెట్టిన రోజు జనం ఎగబడేవాళ్లు, ఆర్కిమెడిస్ సూత్రం పెట్టిన రోజు ఈగలు తోలుకోవడమే. నేను పెద్ద బ్లాగరునైపోయానని అనుకున్నా. జీవోలు పెట్టేవాళ్లు వందమంది ఉంటారని, నూటొకటోవాణ్ణి నేను కానక్కర్లేదని తెలియడానికి ఒక తాళంచెవి కావాల్సి వచ్చింది.

ఎనిమిదో తరగతికి ఎలక్ట్రోప్లేటింగ్, అంటే కరెంటుతో లోహపు పూత వెయ్యడం, చేసి చూపిస్తున్నా. ఎరువుల కొట్లో మైలతుత్తం (కాపర్ సల్ఫేట్) తెచ్చి నీళ్లలో కరిగించి, రాగి తీగను బ్యాటరీ ప్లస్సుకీ, ఇనుప తాళంచెవిని మైనస్సుకీ కలిపా. చెవి ఎర్రబడింది, పిల్లలు చప్పట్లు. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "సార్, ఆ వైరు ఎప్పుడో ఊడిపోయింది గదా, మరెట్టా ఎర్రగయింది?" అంది. చూస్తే నిజమే, వైరు ఊడి కింద వేలాడుతోంది. నాకు నోట మాట రాలేదు. రేపు చెప్తానని తప్పించుకున్నా.

ఆ రాత్రి జరిగింది జరిగినట్టు రాసి బ్లాగులో పెట్టా. "పాఠం చెడింది, కారణం తెలుసుకోవాలి" అని చివర్లో ఒక్క ముక్క. రెండ్రోజులకి పొదలకూరు వైపు నుంచి ఒక మాస్టారు జవాబు రాశారు. వాళ్లవి నిమ్మతోటల ఊళ్లు, మైలతుత్తం అక్కడ ప్రతి రైతు ఇంట్లోనూ ఉంటుంది, చెట్ల తెగుళ్లకి కొట్టే బోర్డో మిశ్రమం కలుపుకోవడానికి. ఆయన చెప్పింది ఇదీ: ఇనుముకి రాగి కంటే చురుకుదనం ఎక్కువ. మైలతుత్తం నీళ్లలో వేస్తే ఇనుము కొంత కరిగి, ఆ చోట్లోకి రాగి వచ్చి కూర్చుంటుంది. దానికి కరెంటు అక్కర్లేదు, ఆ పూత గోటితో గీకితే రాలిపోతుంది కూడా. మీరు చూపించింది ప్లేటింగ్ కాదు, పదో తరగతిలోని స్థానభ్రంశ చర్య. తాళంచెవి బదులు పాత టార్చి బ్యాటరీలోని నల్ల కడ్డీ పెట్టండి, కార్బన్ మైలతుత్తంతో దానంతటది కలవదు, కరెంటు పారితేనే ఎర్రబడుతుంది.

మర్నాడు అదే చేశా. బ్యాటరీని పిల్లల చేత కాకుండా నేనే పగలగొట్టి కడ్డీ తీశా. ముందు వైరు లేకుండా ముంచా, కడ్డీ నల్లగానే ఉంది. వైరు పెట్టగానే ఎర్రబడింది. పక్కనే ఇంకో గ్లాసులో తాళంచెవి. రెండూ చూశాక ఆ అమ్మాయి కూర్చుంది. పదిహేనేళ్లు టీచరు ఉద్యోగంలో ఉన్న ఆ మాస్టారిని నేనింతవరకు కళ్లతో చూడలేదు, ట్రైనింగుల్లో నేర్పనిది నాకాయన నాలుగు లైన్లలో నేర్పాడు. నా బ్లాగులో ఈ రోజుకీ ఎక్కువమంది వెతుక్కుంటూ వచ్చే పేజీ ఆ చెడిన పాఠమే.

ఛానల్ ఆగొచ్చని ముందే ఎందుకన్నానంటే, పాఠం వివరించే వీడియోలకు కొదవలేదు. మన నెల్లూరు జిల్లా వెంకయ్యనాయుడు గారు ఉపరాష్ట్రపతిగా ఉండగా 2017లో బడి పాఠాలుండే దీక్షా పోర్టల్ ప్రారంభించారు, ఇప్పుడు పుస్తకంలో క్యూఆర్ కోడ్ కొడితే పాఠం వస్తుంది. 2020లో బళ్లు మూసినప్పుడు పదో తరగతికి సప్తగిరి ఛానల్లో విద్యామృతం కూడా వచ్చింది. ఎక్కడా దొరకనిది మీ తరగతి గదిలో వైరు ఊడిన సంగతి. అది రాస్తే చాలు.

వాట్సాప్ గ్రూపు బ్లాగుకి సాటి రాదు. మా సబ్జెక్టు గ్రూపులో 256 మంది నిండిపోతే రెండో గ్రూపు, మూడో గ్రూపు పెట్టిన కాలం చూశా. ఇప్పుడు వెయ్యి దాటి పడుతున్నారు, గుడ్ మార్నింగ్ పువ్వులు కూడా అంతకంత పెరిగాయి. జూలైలో ఎవరో పెట్టిన మంచి ప్రయోగం ఫిబ్రవరిలో వెతికితే ఎవరికీ దొరకదు. గ్రూపులో లింకు మాత్రమే వెయ్యండి, సరుకు బ్లాగులో ఉంచండి.

ఇక ఫేస్‌బుక్. ఇది రాయాలంటే నాకు ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది.

ఆరో తరగతిలో ఒక పిల్లాడు. తల్లీతండ్రీ బెంగళూరులో బేల్దారి పనికి పోతే నాయనమ్మ దగ్గరుండి చదువుకునేవాడు. తెలుగు చదవడం రాదు. నా సబ్జెక్టు తెలుగు కాకపోయినా సాయంత్రం బడి వదిలాక అరగంట కూర్చోబెట్టుకునేవాణ్ణి, మూడు నెలలు. మొదటి రోజు వాడు చదివింది ఫోన్లో తీశా, "క్షేత్రం" దగ్గర "క్షే... క్షే..." అని ఆగిపోయాడు. మూడు నెలల తర్వాత ఒక పేజీ తడుముకోకుండా చదివాడు, అదీ తీశా. రెండూ అతికించి ఫేస్‌బుక్‌లో పెట్టా. వాడి కోసమే పెట్టానని అప్పుడు అనుకున్నా. ఇప్పుడడిగితే సగం నా కోసమేనని చెప్తా.

రెండ్రోజులు మెచ్చుకోళ్లు. మూడో రోజు ఎవరో మొదటి సగం మాత్రమే కత్తిరించి "గవర్నమెంటు బళ్ల చదువులు చూడండయ్యా" అని నవ్వే బొమ్మలతో తిప్పారు. అది మా ఊరి గ్రూపులోకి వచ్చింది, అక్కణ్ణుంచి బెంగళూరు షెడ్డులో ఉన్న వాళ్ల నాయన ఫోన్లోకి పోయింది. బడిలో పిల్లలు వాడికి "క్షే" అని పేరు పెట్టారు. వాడు రావడం మానేశాడు.

నాలుగో రోజు వాళ్లింటికి పోయా. వాడు గొర్రెల దొడ్డి వెనక దాక్కున్నాడు. నాయనమ్మ మంచమ్మీద నుంచి లేవలేదు, రమ్మనలేదు. "మావోడికి చదువు రాకపోతే నాలుగు తగిలించు సారూ, నేనేమన్నా అనుకుంటానా. ఊరందరికీ చూపిస్తావా?" అంది. నేను ఏవో చట్టాలు, సాంకేతికం మాట్లాడబోయి ఆగిపోయా. వీడియో అప్పటికే తీసేశా, కానీ తీసింది నా పేజీలోంచే, జనం ఫోన్లలోంచి ఎట్టా తీస్తాం? వాణ్ణి బడికి తేవడానికి మూడు వారాలు పట్టింది. "క్షే" మాత్రం వాడు పదో తరగతి పాసై పోయేదాకా పోలేదు.

అప్పట్నుంచి పిల్లల మొహం, పేరు, గొంతు ఏదీ పెట్టను. చేతులు పెడతా, పేరు కప్పేసిన నోటుబుక్కు పెడతా. మా బడి బీరువాలో మార్కాపురం పలకలు నాలుగు మిగిలాయి, పిల్లలు వాటి మీద రాసింది ఫొటో తీస్తే ఎంత చక్కగా కనపడుతుందో చెప్పలేను, తెల్లకాగితం దాని ముందు దిగదుడుపు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లు నిండని వాళ్లందర్నీ పిల్లలుగానే లెక్కేసి తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది. నా మట్టుకు ఆ సంతకం ఉన్నా పెట్టను. సంతకం పెట్టేది అమ్మానాన్న, పేరు పడేది పిల్లాడికి.

ప్రభుత్వం సంగతి అడిగారు కదా. 1964 ప్రవర్తనా నియమావళి మనకు వర్తిస్తుంది, సర్కారు విధానాన్ని బహిరంగంగా విమర్శించకూడదు. ఇది నేను చదివి నేర్చుకోలేదు, మెమో అందుకుని నేర్చుకున్నా. కనిగిరి వైపు నీళ్ల ఫ్లోరైడ్ గురించి మీకు తెలిసిందే, మా తరగతిలో గారపళ్లు లేని పిల్లల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పిల్లలు ఏడు బోర్ల నీళ్లు సీసాల్లో తెస్తే పరీక్ష చేయించి, లీటరుకి 1.5 మిల్లీగ్రాముల గీత దాటినవి ఏవో, లోపలున్నవి ఏవో పట్టిక వేసి బ్లాగులో పెట్టా. పట్టిక జోలికి ఎవరూ రాలేదు. దాని కింద ఉక్రోషం పట్టలేక "ట్యాంకర్లు రావు, అడిగే నాథుడు లేడు" అని ఒక వాక్యం రాశా. ఒక విలేకరి ఆ వాక్యాన్ని హెడ్డింగ్ చేశాడు. పైనుంచి మెమో, నేను సంజాయిషీ. వాక్యం తీసేశా, పట్టిక ఇప్పటికీ ఉంది. ఆ పట్టిక పట్టుకునే తర్వాత ఊళ్లో పెద్దలు పంచాయతీకి పోయారు, వాక్యం పట్టుకుని ఎవరూ పోలేదు.

డబ్బు ముక్క కూడా చెప్పేస్తా. బ్లాగులో ప్రకటనలు, ఛానల్ ఆదాయం మొదలైతే అది ప్రైవేటు వ్యాపారం కిందికి వస్తుందా రాదా అనే పేచీ వస్తుంది. అట్టాంటిది చెయ్యాలనుకుంటే ముందు డీఈవో ఆఫీసుకి రాసి, అనుమతి కాగితం చేతికొచ్చాకే చెయ్యండి. నేను ప్రకటనలు పెట్టలేదు, నెలకి వచ్చే ఆ కాస్తకి ఆ తిరుగుడు దండగ అనిపించింది.

మీ సొంత నంబరు పిల్లలకి, బ్లాగులో ఇవ్వొద్దు. చదువుతున్న పిల్లలు ఫ్రెండ్ రిక్వెస్టు పెడితే పది పాసయ్యాక చూద్దామని నవ్వుతూ చెప్పండి. మా స్కూలు మేడం ఒకావిడకి రాత్రి పదకొండింటికి "డౌటు మేడం" అని మెసేజీలు మొదలై చివరికి సిమ్ మార్చుకోవాల్సి వచ్చింది.

ఇక మీ హెడ్మాస్టరు గారి ఫొటోలు. ఆయన్ని తప్పుపట్టకండి, ఆయన్ని పైవాళ్లు అడుగుతారు, బాత్రూముల ఫొటోలు కూడా ఎక్కించిన శాఖ మనది. ఎదురు చెప్పొద్దు, మానొద్దు. తరగతి గదిలో వెనక గోడకి ఆనుకుని నిలబడి తియ్యమని ఎవరికైనా ఫోన్ ఇవ్వండి. బోర్డు, దాని మీద తేదీ, పాఠం పేరు, బోర్డు ముందు మీరు, మీ ముందు వరసగా పిల్లల తలకాయలు కనపడితే సరిపోతుంది. మా మండలం గ్రూపులో మూడేళ్లుగా నేను పిల్లల వీపులే పెడుతున్నా. ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.