లాగ్ చదివే ముందు గడియారం చూడు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఆటోనగర్ కంపెనీలో కంప్యూటర్ల భద్రత మొత్తం నీ చేతికిచ్చారనీ, రిమోట్ డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్లను (ఎక్కడో కూర్చుని వేరే కంప్యూటర్‌ని నడిపించేవి) ఎవరైనా దొంగచాటుగా వాడుతున్నారేమో కనిపెట్టడమే నీ మొదటి పని అనీ చెప్పింది. మన ఇంటి పిల్లకి అంత పని అప్పజెప్పారంటే గర్వంగా ఉంది. కానీ ఆ పనిలో ఏముందో తెలిసినదాన్ని కాబట్టి రాత్రంతా నిద్ర పట్టలేదు. అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను.

తేలిక విషయాలు ముందు చెప్పేస్తాను. ఆఫీసులో ఏ రిమోట్ సాఫ్ట్‌వేర్ వాడాలో ఒక్కటే తేల్చి, ఎండీ గారి సంతకంతో కాగితం తీసుకో. మిగతావాటిని ఆప్‌లాకర్‌తో (ఏ ప్రోగ్రాము నడవాలో విండోస్‌లో కట్టడి చేసేది) ఆపు. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ వాడే దారి, 3389 పోర్టు, ఇంటర్నెట్‌కి తెరిచి ఉంటే ఇవాళే మూయించు. బయటి నుంచి వచ్చేవాళ్లు వీపీఎన్‌లోనే (ఆఫీసు నెట్‌లోకి వచ్చే రక్షణ ఉన్న దారి), ఓటీపీతోనే రావాలి. ఇవన్నీ నువ్వు చదువుకున్నవే.

నువ్వు పొరబడే చోటు వేరే ఉంది. ఈవెంట్ వ్యూయర్‌లో, అంటే కంప్యూటర్‌లో జరిగినవి వరసగా రాసి ఉండే లాగ్‌లు విండోస్ చూపించే చోట, ఎవరైనా లాగిన్ అయితే పడే 4624 నంబరు తీసి, రిమోట్‌గా వచ్చారని చెప్పే లాగాన్ టైప్ 10 ఉన్నవి ఏరి, అంతా చూసేశానని అనుకుంటావు. అది విండోస్ సొంత రిమోట్ డెస్క్‌టాప్‌ని మాత్రమే పట్టిస్తుంది. ఎనీడెస్క్ లాంటి బయటి రిమోట్ సాఫ్ట్‌వేర్లు అప్పటికే లాగిన్ అయి ఉన్న మనిషి స్క్రీన్‌లోకి వస్తాయి. కొత్తగా లాగిన్ జరగదు కాబట్టి అక్కడ వాటి జాడ ఉండదు. సర్వీసుగా (కంప్యూటర్‌తో పాటే వెనకాల నడిచేలా) ఇన్‌స్టాల్ చేస్తే సిస్టమ్ లాగ్‌లో 7045 నంబరు పడుతుంది. ఇన్‌స్టాల్ చేయకుండా డౌన్‌లోడ్స్ ఫోల్డర్ నుంచే నడిపితే అదీ ఉండదు, ప్రోగ్రాముల జాబితాలో పేరూ ఉండదు. యాంటీవైరస్ కూడా చాలాసార్లు నోరెత్తదు, ఎందుకంటే అది వైరస్ కాదు, సక్రమంగా సంతకమున్న సాఫ్ట్‌వేర్.

అందుకని ఆ సాఫ్ట్‌వేర్ తన గురించి తాను రాసుకునే ఫైళ్లు చూడాలి. ఎనీడెస్క్‌కి ప్రోగ్రామ్‌డేటా ఫోల్డర్‌లో, ఇన్‌స్టాల్ చేయకుండా నడిపితే యూజర్ ఆప్‌డేటా ఫోల్డర్‌లో, కనెక్షన్ ట్రేస్ అనే టెక్స్ట్ ఫైలు ఉంటుంది. అలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ టీమ్‌వ్యూయర్‌కి కనెక్షన్స్ ఇన్‌కమింగ్ అనే ఫైలు ఉంటుంది. ఎనీడెస్క్ ఫైల్లో ఒక్కో లైనునీ నింపాదిగా చదువు. ఏ ఐడీ నుంచి వచ్చారు, ఎప్పుడు వచ్చారు, కుర్చీలో ఉన్న మనిషి ఒప్పుకుంటే వచ్చారా, పాస్‌వర్డ్ కొట్టి వాళ్లంతట వాళ్లే వచ్చారా అన్నది అందులో ఉంటుంది. నాకు అన్నిటికన్నా భయం వేసేది ఆ పాస్‌వర్డ్ రాకే. మనిషి లేనప్పుడు కూడా లోపలికి రావడానికి పెట్టిన పాస్‌వర్డ్‌ని పని అయ్యాక తీసేయకపోతే, ఇంటి తాళంచెవి గుమ్మానికే వేలాడదీసి వెళ్లినట్టే.

నా భయానికి కారణం ఉంది. నేను గుంటూరులో ఒక మిర్చి ఎగుమతి ఆఫీసుకి, విజయవాడలో వాళ్ల బ్రాంచికి కంప్యూటర్ల పని చూసేదాన్ని. గుంటూరు అకౌంట్స్‌లో ఒక కుర్రాడు ఉండేవాడు. వాళ్ల నాన్న యార్డులో ముఠా కూలీ. సీజన్‌లో, మిర్చి టిక్కీలు (బస్తాలు) లారీల కొద్దీ దిగుతున్న రోజుల్లో, మా రేట్ల ఫైలు బయటికి పోయింది. మేనేజర్ గారు ఫైర్‌వాల్ (ఆఫీసు నెట్‌కి కాపలా కాసేది) లాగ్ తీయించారు. ఆ కుర్రాడి కంప్యూటర్ నుంచి 16:05కి ఎనీడెస్క్ కనెక్షన్ ఉంది. సాయంత్రం నాలుగింటికి కుర్రాడు సీట్లోనే ఉన్నాడు. వాడే ఎవరికో స్క్రీన్ చూపించాడని తేల్చేశారు. అందరి ముందూ నిలబెట్టి అడిగారు. ఆ సాయంత్రమే 'వైరస్ ఉంటే పోతుంది' అని కంప్యూటర్ ఫార్మాట్ కొట్టించేశారు.

నన్ను విజయవాడ నుంచి పిలిపించేసరికి వారం దాటింది. ప్రింటు తీసిన లాగ్ ముందు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను. ఆ కాగితం ప్రకారం మా ఆఫీసులో ఇంటర్నెట్ వాడకం తెల్లవారుజామున 4 గంటలకి మొదలై మధ్యాహ్నం 1 గంటకి ఆగిపోతోంది. మా ఆఫీసు తెరిచేది తొమ్మిదిన్నరకి, మూసేది ఆరున్నరకి! ఫైర్‌వాల్ గడియారాన్ని ఎవరూ మన టైముకి మార్చలేదు. అది యూటీసీలో, అంటే మనకన్నా ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక టైములో, నడుస్తోంది. ఐదున్నర గంటలు కలిపితే ఆ 16:05 కాస్తా రాత్రి 9:35 అయింది. ఆ వేళకి ఆఫీసుకి తాళం పడి ఉంది. రాత్రి బ్యాకప్ కోసమని ఆ ఒక్క కంప్యూటర్ ఆన్‌లో ఉంచేవాళ్లు. లెక్కల సాఫ్ట్‌వేర్ బాగుచేయడానికి వచ్చిన మనిషి ఎప్పుడో పెట్టిన పాస్‌వర్డ్ దానిలో అలాగే ఉండిపోయిందని తర్వాత తెలిసింది. వచ్చింది ఏ ఐడీయో చూద్దామంటే ట్రేస్ ఫైలు ఫార్మాట్‌తోనే పోయింది. నేను మేనేజర్ గారి బల్ల మీద కాగితం పరిచి చూపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ కుర్రాడికి కబురు పెట్టారు కానీ వాడు మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. వాళ్ల నాన్న తువ్వాలు చేత్తో పట్టుకుని వచ్చి, జీతం బాకీ తీసుకుని వెళ్లాడు.

నీకు తొందర ఎక్కువ, అమ్మలూ. ఏడో తరగతిలో పెన్ను పోయిందని పక్కింటి పిల్లని దొంగంటూ ఏడిపించావు. సంచి అడుగున దొరికాక నువ్వే వెళ్లి దాని చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చావు. నీ మనసు మంచిదని నాకు తెలుసు. ఈ ఉద్యోగంలో మాత్రం ఆ రెండోసారి వెళ్లే అవకాశం దొరక్కపోవచ్చు. పైవాళ్లు 'ఎవరు చేశారో పేరు చెప్పు' అని నీ మీద ఒత్తిడి పెడతారు. పేరు చెప్పకు. ఈ కంప్యూటర్, ఈ ఐడీ, మన టైములో ఇన్ని గంటలకి, పాస్‌వర్డ్‌తో వచ్చారు అని రాసివ్వు. అంతకు మించి లాగ్‌కి తెలియదు. అలాగే అనుమానం పేరుతో పనివాళ్ల స్క్రీన్లు రహస్యంగా చూడమంటే, కుదరదని చెప్పు. నీ మాట చెల్లకపోతే నాకు ఫోన్ చెయ్యి.

ఏదైనా దొరికితే ముందు నెట్ కేబుల్ పీకు. ఫార్మాట్ కొట్టనివ్వకు. లాగ్‌లు, ట్రేస్ ఫైళ్లు వేరే చోటికి కాపీ చేసి, తీసిన టైము, చూసినవాళ్ల పేర్లు కాగితం మీద రాయి. కంప్యూటర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం ఇలాంటి చొరబాటు గురించి తెలిసిన 6 గంటల్లో వాళ్లకి చెప్పాలి. లాగ్‌లు 180 రోజులు దాచాలి. విండోస్ సెక్యూరిటీ లాగ్ మామూలుగా 20 ఎంబీయే, నిండితే పాతవి చెరిగిపోతాయి. సైజు పెంచి, వేరే సర్వర్‌కి కూడా పంపించు. డబ్బు పోతే ఆలోచించకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించు.

అకౌంట్స్ వాళ్లతో కూర్చుని మాట్లాడు. 'బ్యాంకు నుంచి' అంటూ ఫోన్ చేసి ఎనీడెస్క్ వేయించే మోసం గురించి రిజర్వ్ బ్యాంక్ 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. అలాంటి ఫోన్ వచ్చిందని చెప్పిన వాళ్లని తిట్టవద్దు. తిడితే రెండోవాళ్లు చెప్పరు.

రాత్రిళ్లు ఒక్కదానివే ఆఫీసులో కూర్చోకు. బెంజి సర్కిల్ దాకా వచ్చాక మీ అమ్మకి ఫోన్ కొట్టు. టిఫిన్ మానకు. సోమవారం వెళ్లగానే ఫైర్‌వాల్, సీసీటీవీ, సర్వర్ గడియారాలు మూడూ ఒకే టైము చూపిస్తున్నాయో లేదో చూసి, ఆ రాత్రికే నాకు మెసేజ్ పెట్టు.

మీ పెద్దమ్మ,
బ్రాడీపేట, గుంటూరు