అక్కడ పరిగెత్తేది ఇక్కడ నడుస్తుంది

ప్రశ్న: సార్, నేను తెలుగు మీడియంలో చదివి ఈమధ్యే ఉద్యోగంలో చేరాను. రన్ అంటే పరిగెత్తడం అనే తెలుసు. మా మేనేజర్ ‘వి ఆర్ రన్నింగ్ అవుట్ ఆఫ్ టైమ్’ అంటూ ఉంటారు. మొన్న నా దగ్గరికొచ్చి ‘కెన్ ఐ రన్ దిస్ బై యూ?’ అన్నారు. టెన్షన్‌తో ఏమీ మాట్లాడలేకపోయాను. డిక్షనరీ తీస్తే రన్‌కి బోలెడు అర్థాలు ఉన్నాయి. అన్నీ బట్టీ పట్టాలా?
– ఓ పాఠకురాలు, నంద్యాల

జవాబు: వద్దమ్మా, బట్టీ అస్సలు వద్దు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ వాళ్లు లెక్కేస్తే ఈ ఒక్క క్రియకే 645 అర్థాలు తేలాయి. ఆ పని చేసిన సంపాదకుడు పీటర్ గిల్లివర్‌కి తొమ్మిది నెలలు పట్టింది. అవన్నీ ఎవరికి నోటికొస్తాయి?

మన ‘ఆడు’ అనే మాటనే తీసుకోండి. పిల్లలు ఆడతారు, సినిమా వంద రోజులు ఆడుతుంది, మిల్లు ఆడుతుంది, ఒకరు అబద్ధం ఆడతారు, కంగారులో కాలూ చెయ్యీ ఆడవు, గాలి లేని గదిలో ఊపిరాడదు. ఇవి మీకెవరూ నేర్పలేదు, పక్కనున్న మాటను బట్టి తెలిసిపోయాయి. రన్ కూడా అంతే. వాళ్ల బస్సు రన్ అవుతుంది, మనది నడుస్తుంది. వాళ్లు షాపు రన్ చేస్తారు, మనం నడుపుతాం. ముక్కు రన్ అయితే మనకు కారుతుంది. ఎన్నికల్లో అమెరికావాళ్లు రన్ అంటే బ్రిటన్‌వాళ్లు స్టాండ్ అంటారు, మనం కూడా ‘ఎన్నికల్లో నిలబడ్డాడు’ అనే అంటాం, ఈ పోలిక నాకు చాలా ఇష్టం.

ఇబ్బందల్లా రన్ వెనక చేరే చిన్న మాటలతోనే. అవుట్ ఆఫ్ చేరితే నిండుకోవడం: పాలు, పెట్రోలు, టైము ఏదైనా సరే. ఇంటూ చేరితే అనుకోకుండా ఎదురుపడటం, కానీ ‘ద కార్ రాన్ ఇంటూ ఎ ట్రీ’ అంటే కారు వెళ్లి చెట్టుని గుద్దిందని. కాబట్టి రన్ ఒక్కదాన్నే కాకుండా వాక్యం మొత్తాన్ని నోట్‌బుక్‌లో రాసుకోండి, పక్కన అదే మాట మన ఇంట్లో ఎలా అంటామో రాయండి. రోజుకి రెండు చాలు.

ఇక మీ మేనేజర్ అడిగింది చాలా మామూలు మాట. ‘ఇది ఒకసారి నీకు చెప్తాను, ఎలా ఉందో చెప్పు’ అని. మీ అభిప్రాయం కావాలనుకున్నారన్నమాట. ఈసారి అడిగితే ‘షూర్, ప్లీజ్ గో అహెడ్’ అనండి.