గవర్నమెంట్ దవాఖానాలో ఇన్సులిన్ ఎందుకు ఉండట్లేదని ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం కింద అర్జీ) వేస్తే "ఇది సమాచారం కిందికి రాదు" అని రిప్లై వచ్చింది, ఇప్పుడేం చేయాలి?

మీ అప్లికేషన్ ఫొటో చూసిన అండి. అమ్మగారికి ఇన్సులిన్ ఎందుకు ఇస్తలేరు, దీనికి బాధ్యులెవరు, ఎప్పుడొస్తది, ఈ మూడే అడిగిర్రు. పీఐఓ (ఆర్టీఐ అర్జీలకి జవాబిచ్చే ఆఫీసర్) అట్ల రాసి పంపిండంటే నాకేం ఆశ్చర్యం అనిపియ్యలే. చట్టం ప్రకారం సమాచారం అంటే ఆఫీసులో ఆల్రెడీ ఉన్న కాగితం, రిజిస్టర్, ఫైల్, కంప్యూటర్‌లో ఉన్న డేటా, అంతే. అభిప్రాయాలు, సలహాలు ఇయ్యాల్సిన పని లేదని సుప్రీంకోర్టు 2011లోనే సీబీఎస్‌ఈ కేసులో చెప్పింది. అందుకే "ఎందుకు" అని రాస్తే వాళ్ళకి తప్పించుకునే దారి మనమే చూపిచ్చినట్టు. కాగితం పేరు పెట్టి అడగాలె.

మా నాన్నకి షుగరు, బీపీ రెండూ ఉన్నయి. మేం పోయే దవాఖానా పేరు ఎందుకులెండి, సిటీలోనే. ఫార్మసీ కిటికీ దగ్గర చీటీ మీద మెట్‌ఫార్మిన్ (షుగరు గోలీ) చుట్టూ పెన్నుతో రౌండ్ గీసి "బయట తీస్కోండి" అంటుండె, నెలనెలా ఇదే కథ. నేను ఏం అడిగిన్నంటే, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా మెట్‌ఫార్మిన్, ఆమ్లోడిపిన్ (బీపీ గోలీ) స్టాక్ రిజిస్టర్ పేజీలు, మెయిన్ స్టోర్ నుంచి ఓపీ కౌంటర్‌కి ఇష్యూ చేసిన రికార్డు, మందులు కావాలని పైకి పంపిన ఇండెంట్ల కాపీలు, లోకల్ పర్చేజ్ బిల్లులు. లాస్ట్‌లో ఒక లైను, సెక్షన్ 2(జె) కింద ఇవన్నీ నేనొచ్చి చూసుకుంటా, టైమ్ ఇయ్యండి అని. ఆ లైనే పని చేసింది, ఎందుకంటే జీరాక్సులు తీసి పంపుడు కంటే టేబుల్ మీద పెట్టి చూపిచ్చుడు వాళ్ళకీ ఈజీ. మొదటి గంట చూసుకోడానికి ఫీజు కూడా లేదు.

పోయి చూస్తే పొడుగు రిజిస్టరు, ఒక్కో మందుకి ఒక్కో పేజీ, వచ్చింది, ఇచ్చింది, నిల్వ అని గీతలు కొట్టి ఉన్నయి. మా నాన్నకి లేదన్న రోజు ఎదురుగా నిల్వ గడిలో సున్నా ఉంటదేమో అనుకుంటే ఆ రోజు మెయిన్ స్టోర్‌లో డబ్బాలకు డబ్బాలు ఉన్నట్టు రాసి ఉంది! ఓపీ కౌంటర్‌కి మాత్రం ఇష్యూ అయ్యింది చాలా రోజుల తర్వాత. అంటే పైనుంచి రాకపోవుడు కాదు, అదే బిల్డింగ్‌లో ఒక రూమ్ నుంచి ఇంకో రూమ్‌కి రాలే. "ఎందుకు లేవు" అని అడిగుంటే ఇది వాళ్ళు రాసిచ్చేవాళ్ళా చెప్పండి. ఆ పేజీల నకలు తీసుకుని సూపరింటెండెంట్‌కి ఒక లెటర్ పెట్టిన, తర్వాత కిటికీ దగ్గర ఆ మందుకి ఇబ్బంది తగ్గింది.

ఇంకో ముచ్చట, ఎవరికి వేయాలన్నది. గాంధీ, ఉస్మానియా లాంటివి డీఎంఈ (వైద్య విద్య డైరెక్టర్) కింద, బస్తీ దవాఖానాలు డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్యాధికారి) కింద, మందులు కొనేది టీజీఎంఎస్‌ఐడీసీ అనే తెలంగాణ ప్రభుత్వ కార్పొరేషన్. కానీ రిజిస్టర్ దవాఖానాలో ఉంటది కాబట్టి అక్కడి పీఐఓకే వేయండి, సెక్రటేరియట్‌కి వేస్తే అది కిందికి దిగేసరికి టైమ్ పోతది (5 రోజుల్లో ట్రాన్స్‌ఫర్ చేయాలని 6(3)లో ఉంది గానీ, ఉంది అంతే). సెంట్రల్ గవర్నమెంట్ ఆన్‌లైన్ పోర్టల్‌లో మాత్రం వేయకండి, అది రాష్ట్ర ఆఫీసులకి కాదు, కట్టిన పది రూపాయల ఫీజు వాపస్ కూడా రాదు. చేత్తో ఇస్తే టపాల్‌లో (కాగితాలు తీసుకునే సెక్షన్‌లో) మీ రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి, వాళ్ళు రిప్లై ఇయ్యాల్సిన 30 రోజుల లెక్కకి అదే ఆధారం. గడువు దాటినంక ఇస్తే కాపీలు ఫ్రీగా ఇవ్వాలె.

పేషెంట్ల పేర్లు, స్టాఫ్ సొంత వివరాలు అస్సలు అడగొద్దు. 2025 నవంబర్‌లో వ్యక్తిగత సమాచారం ఇయ్యకుండా ఆపే సెక్షన్ 8(1)(జె)ని మార్చిన్రు, ఇప్పుడు వ్యక్తిగత సమాచారం అని ఒక్క ముక్క రాసి ఆపేయడం ఇంకా సులువు.

రిప్లై రాకపోతే, గడువు దాటినంక 30 రోజుల్లో పై ఆఫీసర్‌కి ఫస్ట్ అప్పీల్ వేయండి, గట్టిగా వేయండి. రాష్ట్ర సమాచార కమిషన్ దాకా పోతే పీఐఓకి రోజుకి 250 చొప్పున 25,000 దాకా ఫైన్ వేయొచ్చు, నిజమే, కానీ మొజంజాహీ మార్కెట్‌లో ఉన్న ఆ కమిషన్‌కి 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా ఒక్క కమిషనర్ కూడా లేడు, ఆ పెండింగ్ కుప్పలో మన ఫైల్ చేరకముందే పని అయ్యేటట్టు చూసుకోవాలె.

మీకొచ్చిన ఆ రిప్లై మీద అప్పీల్ వేసి టైమ్ వేస్ట్ చేసుకోకండి, కొత్త అప్లికేషనే వేయండి. ఇన్సులిన్ వయల్స్ స్టాక్ రిజిస్టర్, ఇష్యూ రికార్డు, ఇండెంట్లు, వాటితో పాటు ఫార్మసీ ఫ్రిజ్ టెంపరేచర్ రాసే బుక్కు కూడా. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య పెట్టాలి కదా, ఉన్న స్టాక్ అయినా సరిగ్గా పెడుతున్నరో లేదో అందులో తెలుస్తది.